బొంగరం వెంట వెళ్ళిన చీటీ

2015 ఏప్రిల్‌లో ఉత్తర సముద్రంలోని ఆమ్రమ్ అనే జర్మనీ దీవి ఒడ్డున ఒక పాత సీసా దొరికింది. లోపల చుట్టిపెట్టిన కాగితం ఉంది. గాజులోంచి కనిపించేటట్టు దానిమీద "సీసా పగలగొట్టండి" అని అచ్చువేసి ఉంది. దొరికినవారు పగలగొట్టారు. లోపల ఒక పోస్టుకార్డు! ఈ సీసా ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఉన్న సముద్ర జీవశాస్త్ర సంఘానికి పంపండి, పంపినవారికి ఒక షిల్లింగు బహుమానం అని దానిమీద ఇంగ్లీషు, డచ్చి, జర్మన్ భాషల్లో ఉంది.

ఆ సీసాను సముద్రంలో వదిలిన శాస్త్రజ్ఞుడు జార్జ్ పార్కర్ బిడ్డర్. 1904-1906 మధ్య ఆయన అలాంటి సీసాలు 1,020 వదిలాడు. అవి పైన తేలేవి కావు. సముద్రపు అడుగున ప్రవాహం ఎటు పోతుందో తెలుసుకోవడం కోసం, అడుగుకు కాస్త పైగా కొట్టుకుపోయేటట్టు వాటికి బరువు కట్టాడు. చాలా సీసాలు చేపలుపట్టేవాళ్ళ వలల్లో పడి అప్పుడే తిరిగివచ్చాయి. ఈ ఒక్కటీ నూరేళ్ళు దాటాక వచ్చింది. బిడ్డర్ గతించి అప్పటికి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆ సంఘంవారు మాట తప్పకుండా పాత షిల్లింగు నాణెం ఒకటి సంపాదించి దొరికినవారికి పంపారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. సీసా ఒడ్డుకు చేరినప్పుడు "అయ్యా, ఇది ఇలా చెయ్యండి" అని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. చెప్పవలసిందంతా ఆ కాగితమే చెప్పుకుంది. మొదట ఏం చెయ్యాలో మొదటే చెప్పింది, పైనుంచి కనిపించేటట్టు చెప్పింది, ఆ తీరాల్లో మాట్లాడే మూడు భాషల్లో చెప్పింది. ఇంత తేలికైన విషయం నాకూ, మా తొమ్మిదో తరగతి పిల్లలకూ తలకెక్కడానికి ఒక బొంగరం పోగొట్టుకోవలసివచ్చింది. ఆ కథే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. దానికి ముందు ఒక ఆట గురించి తెలుసుకోవాలి.

జి.పి.ఎస్. ఉపగ్రహాల గురించి మీరు వినే ఉంటారు. మన చేతిలోని చిన్న రిసీవరు ఆ ఉపగ్రహాల సంకేతాలు అందుకొని, మనం ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉన్నామో లెక్కగట్టి చెబుతుంది. 2000 సంవత్సరం మే నెల మొదలయ్యేదాకా అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతాల్లో కావాలనే కొంత తప్పు కలిపేది. దానివల్ల వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 1వ తేదీ రాత్రి ఆ కలిపిన తప్పును తీసివేశారు. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్ల బకెట్టు దాచి, అది ఉన్న చోటును అంకెల్లో ప్రకటించాడు: ఉత్తర అక్షాంశం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పశ్చిమ రేఖాంశం 122 డిగ్రీల 24.800 నిమిషాలు. బకెట్టులో పుస్తకాలు, ఒక ఉండేలు, చివరికి ఒక చిక్కుడు గింజల డబ్బా కూడా ఉన్నాయి. దొరికినవాళ్ళు ఏదైనా ఒకటి తీసుకొని, బదులుగా మరొకటి పెట్టి, పుస్తకంలో పేరు రాయాలి. కొద్ది రోజుల్లోనే మనుషులు వెతుక్కుంటూ వెళ్ళి దాన్ని పట్టేశారు! ఆ ఆటకే తర్వాత జియోక్యాషింగ్ అని పేరు వచ్చింది. ఇందులో క్యాష్ అంటే డబ్బు కాదు సుమా! దాచిన వస్తువు అని అర్థం.

పైన చెప్పిన అంకెల్లో దశాంశ బిందువు తర్వాత మూడు స్థానాలు ఉన్నాయి కదూ? అవి ఎందుకో లెక్క వేసి చూడండి. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. మళ్ళీ 60తో భాగిస్తే ఒక నిమిషానికి 1.85 కిలోమీటర్లు. అంటే నిమిషంలో వెయ్యోవంతు 1.85 మీటర్లు, దాదాపు ఒక మనిషి ఎత్తు అన్నమాట. రేఖాంశంలో అయితే ధ్రువాలవైపు పోయేకొద్దీ ఈ దూరం తగ్గుతుంది. 45 డిగ్రీల దగ్గర వెయ్యోవంతు నిమిషం సుమారు 1.3 మీటర్లే.

ఈ ఆటలో స్థిరంగా ఉండే పెట్టెలే కాక, పెట్టెనుంచి పెట్టెకు ప్రయాణం చేసే వస్తువులు కూడా ఉన్నాయి. వాటిని ట్రాకబుల్స్ అంటారు. అందులో ఒక రకం ట్రావెల్ బగ్, అంటే ప్రయాణాల పురుగు. సైనికులు మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ళలాంటి లోహపు బిళ్ళ అది, పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. దానిమీద ఒక పురుగు బొమ్మ, ఒక రహస్య సంకేతం ఉంటాయి. ఆ బిళ్ళను మీకు నచ్చిన వస్తువుకు గొలుసుతో కట్టి ఒక పెట్టెలో వదులుతారు. దొరికినవారు దాన్ని సొంతం చేసుకోకూడదు. సంకేతాన్ని వెబ్‌సైటులో నమోదుచేసి, వస్తువును మరో పెట్టెకు చేర్చాలి. అప్పుడు అది ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో యజమానికి ఇంట్లో కూర్చునే తెలుస్తుంది.

ఎవరూ ముట్టుకోలేని ట్రాకబుల్ కూడా ఒకటుంది. 2021 ఫిబ్రవరి 18న కుజగ్రహం మీద దిగిన పర్సెవరెన్స్ రోవరు చేతికి షెర్లాక్ అనే పరికరం ఉంది. ఆ పరికరాన్ని సరిచూసుకోవడానికి అమర్చిన పలకలో, వ్యోమగామి శిరస్త్రాణపు ముందుభాగానికి వాడే ప్లాస్టిక్ ముక్క ఒకటి పెట్టి, దానిమీద ట్రాకబుల్ సంకేతం చెక్కారు. కుజుడినుంచి వచ్చిన ఫోటోలో ఆ సంకేతం చదువుకొని భూమ్మీది ఆటగాళ్ళు నమోదు చేసుకున్నారు. దాన్ని పట్టుకుపోయేవాడు లేడు కాబట్టి దానికి చీటీ అక్కరలేదు. మిగతావాటికన్నిటికీ కావాలి.

ఇక మా కథ. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇప్పుడు జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. 2018 సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు ఒక ట్రావెల్ బగ్ తెచ్చి, "మాస్టారూ, దీనికేదైనా కట్టి ఇవ్వండి, తీసుకెళ్ళి వదులుతాను" అంది. పిల్లలంతా ఆలోచించి వేళ్ళతో తిప్పే ఏటికొప్పాక లక్క బొంగరం కట్టాలన్నారు. అది దొరికిన ప్రతివారూ ఒకసారి తిప్పి, ఎన్ని సెకన్లు తిరిగిందో, ఎలాంటి నేలమీద తిరిగిందో రాయాలి. ఏ తలం మీద ఘర్షణ ఎక్కువో, ఏది నునుపో మేము ఇక్కడ కూర్చుని పట్టిక వేసుకుంటాం. ఆలోచన బాగుంది, బొంగరమూ బాగుంది. తోడుగా పంపిన చీటీయే బాగాలేదు.

ఆ చీటీ నేనే రాశాను. పోస్టుకార్డంత కాగితానికి రెండువైపులా నలభై పంక్తులు! మా బడి సంగతి, ఊరి సంగతి, ఏటికొప్పాక హస్తకళ గొప్పతనం, అంకుడు కర్ర, లక్క రంగులు, చివరికి మా ప్రధానోపాధ్యాయుల శుభాకాంక్షలు. ఉంచుకోవద్దు, మరో పెట్టెలో పెట్టండి అన్న మాట రెండోవైపు అడుగున ఎక్కడో ఉంది. పిల్లలు ముచ్చటపడి రంగుల ఇంకుజెట్ ప్రింటులో అచ్చుతీయించి, లామినేషన్ చేయించి, పంచింగ్ మిషనుతో మూలన బెజ్జం వేసి గొలుసుకు తగిలించారు.

ఫిబ్రవరిలో అది ఒక పెట్టెలో చేరింది. మార్చిలో మొదటి కబురు వచ్చింది: "0 సెకన్లు. గొలుసు అడ్డం వస్తోంది." గొలుసు విప్పి తిప్పాలని మేము ఎక్కడా రాయలేదు! మనకు తెలిసిన సంగతి అందరికీ తెలుసుననుకున్నాం. జూన్‌లో రెండో కబురు, ఒక ఫోటోతో సహా వచ్చింది. లామినేషన్ లోపల కాగితమంతా నీలం మరకయిపోయి ఉంది. ఏం చెయ్యాలో చదవలేకపోయాను, ఎవరైనా చదవగలరేమోనని మళ్ళీ పెట్టెలోనే ఉంచేశాను అని రాశాడాయన. ఆ తర్వాత కబురు లేదు. ఏడాది చూశాం, రెండేళ్ళు చూశాం. ఆ పెట్టె తెరిచినవాళ్ళెవరో అందమైన బొమ్మ అనుకొని తీసుకుపోయి ఉంటారు. వాళ్ళ తప్పేముంది? కాదని చెప్పడానికి పక్కన చదవదగ్గ ముక్క లేదుగా!

ఈ బిళ్ళలు జంటగా అమ్ముతారు. రెంటిమీదా ఒకే సంకేతం ఉంటుంది. ఒకటి ప్రయాణానికి, రెండోది యజమాని దగ్గర గుర్తుగా. మొదటిది పోతే రెండోదాన్ని మరో వస్తువుకు కట్టి పంపడం ఆటగాళ్ళకు అలవాటే. 2022లో ఆ అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు రెండో బిళ్ళ తీశాం. పాత చీటీ నకలు చూసి ఆ అమ్మాయి నవ్వి, "ఇది చీటీ కాదండీ మాస్టారూ, మన వార్షికోత్సవ నివేదిక!" అంది. నాకు కాస్త కష్టం వేసినా మాట నిజమే. చలిలో, చీకటిపడే వేళ, చెట్టుకింద వంగి, చేతిలో టార్చి పట్టుకొని చదివే మనిషికి నిమిషం కంటే వ్యవధి ఉండదు.

అందుచేత ఈసారి ఆ నిమిషాన్నే దృష్టిలో పెట్టుకొని చీటీ తయారుచేశాం. ఇంగ్లీషులో ఒకవైపు, జర్మన్‌లో రెండోవైపు. తెలుగులో చెబితే అది ఇలా ఉంటుంది:

నేను ప్రయాణంలో ఉన్నాను. దయచేసి నన్ను ఉంచుకోవద్దు.
1. గొలుసు విప్పి నన్ను తిప్పండి.
2. ఎన్ని సెకన్లు? ఎలాంటి తలం?
3. గొలుసు మళ్ళీ తగిలించండి.
4. బిళ్ళ మీది సంకేతంతో వెబ్‌సైటులో రాయండి.
5. నన్ను వేరే జియోక్యాష్‌లో పెట్టండి.

అంతే. పక్కన వేళ్ళమధ్య బొంగరం పట్టుకున్న బొమ్మ ఒకటి, ఒక పెట్టెనుంచి మరో పెట్టెకు బాణం గుర్తు ఒకటి. బొమ్మకు భాష అక్కరలేదు కదా! అడుగున తెలుగులో "బొంగరం" అని ఒక్క మాట. ఆ మాటా మొదటి అచ్చులో గుణింతం విడిపోయి వింత ఆకారంలో వచ్చింది. తెలుగు అచ్చువేయించేటప్పుడు కంప్యూటరువారిమీద వదిలెయ్యకుండా మీ కళ్ళతో మీరు చూసుకోండి.

రాసినది బాగుందో లేదో రాసినవాడికి తెలియదు. అందుకని ఒక పరీక్ష పెట్టాం. ఈ ఆట పేరే ఎరుగని ఏడో తరగతి కుర్రవాడి చేతికి బొంగరం, చీటీ ఇచ్చి మేమంతా నోరు మూసుకొని కూర్చున్నాం. వాడు గొలుసు విప్పాడు, తిప్పాడు, లెక్కపెట్టాడు. తర్వాత చీటీ మళ్ళీ చదివి, "మాస్టారూ, సెకన్లు ఎప్పటినుంచి ఎప్పటిదాకా లెక్కపెట్టాలండీ? ఒరిగేదాకానా, ఆగేదాకానా?" అన్నాడు. తొమ్మిదో తరగతివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒరిగి నేలకు తగిలాక కూడా బొంగరం కాసేపు దొర్లుతుంది. ఒకరు అక్కడ ఆపి, ఇంకొకరు ఇక్కడ ఆపితే పట్టికకు విలువేముంది? రెండో పంక్తిలో "పక్కకు ఒరిగి నేలకు తగిలేవరకు" అని చేర్చాం. మీరు కూడా ఇటువంటి పరీక్ష తప్పక చేయండి. చేసేటప్పుడు మాత్రం సాయం చేయకండి. నోరు విప్పితే చీటీని పరీక్షించినట్టు కాదు, మిమ్మల్ని మీరు పరీక్షించుకున్నట్టు.

ఇక నీటి సంగతి. మొదటి చీటీ ఎందుకు పాడయింది? రెండు కారణాలు. ఇంకుజెట్ యంత్రాల్లో వాడే రంగుల ఇంకు చాలావరకు నీటిలో కరిగే రకం. లేజర్ యంత్రంలో, జిరాక్సు యంత్రంలో ఉండేది ఇంకే కాదు, సన్నని ప్లాస్టిక్ పొడి. వేడి రోలరు దాన్ని కరిగించి కాగితానికి అంటిస్తుంది. అది నీటిలో కరగదు. నమ్మకపోతే రెండు రకాల అచ్చుముక్కలు గ్లాసెడు నీళ్ళలో రాత్రంతా ఉంచి చూడండి. బాల్‌పెన్ను, జెల్‌పెన్ను, పెన్సిలు గీతలు కూడా పక్కన పెట్టండి. పెన్సిలు గీత చెక్కుచెదరదు. అందులో ఉన్నది గ్రాఫైటు, అంటే కర్బనం. నీటికి లొంగదు, ఎండకు వెలవదు. పెట్టెల్లోని పుస్తకాలకు తోడుగా పెన్సిలు పెట్టేది ఇందుకే.

రెండో కారణం బెజ్జం. లామినేషన్ కాగితానికి పైన పాలిస్టరు పొర, లోపల వేడికి కరిగే జిగురు పొర ఉంటాయి. రెండువైపుల జిగురూ ఒకదానికొకటి అంటుకున్న అంచు దగ్గర నీరు జొరబడదు. కాని కాగితం అడ్డం ఉన్నచోట బెజ్జం వేస్తే కాగితపు అంచు బయటపడుతుంది. కాగితమంటే సన్నని పోగుల అల్లిక. పోగుల మధ్య సందులు కేశనాళికల్లా పనిచేసి నీటిని లోపలికి పీల్చుకుంటాయి. దీపపు వత్తి నూనె పీల్చినట్టే! పైన ప్లాస్టిక్ ఉంది కాబట్టి లోపలికి పోయిన తేమ తేలికగా ఆరదు కూడా. లామినేషన్ లేకపోయినా ఇంతకంటే మేలయ్యేదేమో.

అందుచేత చీటీని ముందు కత్తిరించి, తర్వాత లామినేషన్ చేయించి, చుట్టూ 5 మిల్లీమీటర్ల ఖాళీ ప్లాస్టిక్ ఉండేటట్టు మళ్ళీ కత్తిరించండి. ఒకవైపు మాత్రం 15 మిల్లీమీటర్లు వదలండి. బెజ్జం ఆ ఖాళీ ప్లాస్టిక్‌లోనే వేయాలి, కాగితానికి తగలకూడదు. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే పొర లేవదు, తీసేవారి వేలికి గుచ్చుకోదు. మేము మూడు చీటీలు చేసి, ఒకటి బకెట్టు నీళ్ళలో వారం రోజులు, మరొకటి మేడమీద ఎండలో నెల రోజులు ఉంచి, రెండూ బాగున్నాయని చూసుకున్నాకే మూడోదాన్ని పంపాం.

చీటీ పరిమాణం ఎంత? ఏ4 కాగితం పొడవు 297, వెడల్పు 210 మిల్లీమీటర్లు. పొడవును వెడల్పుతో భాగించండి. 1.414 వస్తుంది, అంటే 2 యొక్క వర్గమూలం. ఈ నిష్పత్తి ఉన్న కాగితాన్ని అడ్డంగా సగానికి మడిస్తే, వచ్చిన ముక్కకూ అదే నిష్పత్తి ఉంటుంది. ఇంకే నిష్పత్తికీ ఈ గుణం లేదు. జర్మనీ శాస్త్రజ్ఞుడు లిష్టెన్‌బెర్గ్ 1786లోనే దీన్ని గురించి ఒక ఉత్తరంలో రాశాడు. 1922లో అక్కడ కాగితాలకు ఈ కొలతలే ప్రమాణమయ్యాయి. ఏ4ను మూడుసార్లు మడిస్తే ఏ7, నాలుగుసార్లు మడిస్తే ఏ8. మా చీటీ ఏ8, అంటే 74 × 52 మిల్లీమీటర్లు. ఇది చిన్న టిఫిన్ డబ్బాలాంటి పెట్టెల్లో పడుతుంది. పాత ఫిల్మ్ డబ్బీలంత బుల్లి పెట్టెల్లో మాత్రం పట్టదు. వాటిలో బొంగరమే పట్టదనుకోండి.

ఏటికొప్పాక కథ రాయడం మానేశామా? మానలేదు. దానికి వేరే కరదీపిక చేశాం. తీరిక ఉన్నవాళ్ళు చదువుకుంటారు, లేనివాళ్ళు వదిలేస్తారు. ఒక్క ఏ4 కాగితంతో, కుట్టు లేకుండా, జిగురు లేకుండా 8 పేజీల ఏ7 పుస్తకం అవుతుంది. కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పండి, ఎనిమిది గళ్ళు పడతాయి. ఇప్పుడు దాన్ని అడ్డంగా ఒకసారి మడిచి, మడత వైపునుంచి మధ్య గీతమీదుగా ఒక గడి పొడవు మాత్రమే కత్తిరించండి. విప్పి, ఈసారి నిలువుగా మడిచి, రెండు చివరలనూ లోపలికి నెట్టండి. మధ్యలో చీలిక తెరుచుకొని కూడిక గుర్తు ఆకారం వస్తుంది. దాన్ని ఒకవైపుకు మడిస్తే పుస్తకం! ఏ పేజీ ఏ గడిలో వస్తుందో బుర్ర బద్దలు కొట్టుకోకండి. ముందు తెల్లకాగితంతో పుస్తకం చేసి, పెన్సిలుతో పేజీ అంకెలు వేసి విప్పి చూడండి. నాలుగు అంకెలు తలకిందులుగా కనిపిస్తాయి. ఆ ప్రకారమే అచ్చుకు ఇవ్వాలి. ఈ పుస్తకానికి లామినేషన్ కుదరదు కాబట్టి జిప్ ఉన్న పాలిథీన్ సంచిలో పెట్టి పంపాలి.

మీలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. చీటీమీద మీ ఇంటి చిరునామా, ఫోను నంబరు వేయకండి. నమోదు పనులు అమ్మానాన్నలో, ఉపాధ్యాయులో తమ ఖాతాలో చేయాలి. బిళ్ళమీది రహస్య సంకేతం కనిపించేటట్టు ఫోటో తీసి నలుగురికీ పంపకండి. దాన్ని చూసినవారెవరైనా, వస్తువును ముట్టుకోకుండానే, చూశామని రాసేయవచ్చు. అదే సంకేతాన్ని చీటీమీద కూడా చిన్నగా వేస్తే మంచిదే, బిళ్ళ తెగి పడిపోయినా వస్తువు ఎవరిదో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, రైల్వేస్టేషన్ల దగ్గరా, సైనిక ప్రాంతాల్లోనూ, గుడులూ కోటల దగ్గరా అనుమతి లేకుండా ఏ పెట్టే దాచకూడదు. దిక్కులేని పెట్టె చూస్తే జనం భయపడతారు, పోలీసులు వస్తారు. విదేశాల్లోనూ ఇలా జరిగిన సందర్భాలున్నాయి.

రెండో బొంగరం ఇప్పటికి పదకొండు పెట్టెలు మారింది. జర్మనీ దాటి చెక్ దేశం చేరింది. గాజు బల్లమీద 27 సెకన్లు, చెక్కబల్లమీద 19, ఒక కోట మెట్ల రాతిమీద 8. పట్టిక మా ప్రయోగశాల గోడమీద ఉంది. క్రితం నెల వచ్చిన కబురులో మాత్రం గాజుమీద 21 సెకన్లే అని ఉంది, ఫోటోలో బొంగరం మొన కాస్త అరిగి మొద్దుబారినట్టు కనిపిస్తోంది. గాజు మారినందువల్ల తగ్గిందా, మొన అరిగినందువల్లా, తిప్పిన చెయ్యి బలహీనమైనదా? తేల్చాలంటే ప్రతివారూ మూడుసార్లు తిప్పి మూడు అంకెలూ రాయాలి, మొనను దగ్గరగా ఫోటో తీయాలి. చీటీలో ఆ రెండు మాటలకు చోటు కావాలి. ఏ పంక్తి కుదించాలా అని తొమ్మిదో తరగతివాళ్ళు మూడు రోజులుగా పోట్లాడుకుంటున్నారు.